అడవి ఫొటోలకు సొంత వెబ్‌సైట్: ఏం చూపాలి, ఏం దాచాలి, ఎలా కట్టాలి

హైదరాబాద్ దగ్గర అమీన్‌పూర్ చెరువు గట్టున, మంజీరా ఒడ్డున, అనంతగిరి అడవిలో వారాంతాల్లో తీసే ఫొటోల్లో చాలావరకు చివరికి రెండే చోట్లకు చేరతాయి. ఒకటి హార్డ్ డిస్క్, రెండోది ఇన్‌స్టాగ్రామ్. హార్డ్ డిస్క్‌లో ఎవరూ చూడరు. ఇన్‌స్టాగ్రామ్‌లో రెండు రోజులు చూస్తారు, తర్వాత ఆ పిట్ట పేరుతో ఎంత వెతికినా ఆ ఫొటో పైకి రాదు. సొంత సైటు అవసరం ఇక్కడే. 'పాలపిట్ట' అని తెలుగులో టైప్ చేసి వెతికిన బడిపిల్లలకు మీ ఫొటో, దాని కింద మీరు రాసిన నాలుగు వాక్యాలు ఐదేళ్ల తర్వాత కూడా దొరకాలి.

సైటు కట్టడం కష్టం కాదు, పెద్ద ఖర్చూ కాదు. కానీ పెళ్లి ఫొటోల సైటుకీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇక్కడ ఫొటోలో ఉన్న ప్రాణికి మన సైటు వల్లే హాని జరగొచ్చు. అందుకే థీమ్ (సైటు రూపం) వెతకడానికి కూర్చునే ముందే ఏ వివరం బయటపెట్టాలో, ఏది దాచాలో తేల్చుకోవాలి. మిగతా నిర్ణయాలన్నీ, హోస్టింగ్ ఎంపికతో సహా, దాని మీదే ఆధారపడతాయి.

ఫైల్లోనే చిరునామా ఉంటుంది

కెమెరా, ఫోన్ తీసే ప్రతి జేపెగ్ ఫొటో ఫైల్లోనూ ఎగ్జిఫ్ అనే సమాచారం దాగి ఉంటుంది. కెమెరా మోడల్, లెన్స్, షట్టర్ వేగం, తేదీ, సమయం, చాలా కెమెరాల్లో బాడీ సీరియల్ నంబర్ కూడా అందులో ఉంటాయి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు నేరుగా అందులో పడతాయి. నా కెమెరాలో జీపీఎస్ లేదు కదా అని ధీమాగా ఉండకూడదు. కెమెరా కంపెనీ ఇచ్చే ఫోన్ యాప్‌ను బ్లూటూత్‌తో కలిపి ఉంచితే, ఫోన్ నుంచి లొకేషన్ తీసుకుని ప్రతి ఫ్రేములోనూ రాసే సదుపాయం చాలా మోడళ్లలో ఉంది. ఒకసారి ఆన్ చేసి మరిచిపోతే ఇక అన్ని ఫొటోల్లోనూ వచ్చేస్తుంది.

ఆ అంకెలను మ్యాపులో వేస్తే మనిషి నేరుగా ఆ చెట్టు దగ్గరికి నడిచి వెళ్లగలడు. గుడ్లగూబ పగలు కూర్చునే తొర్ర, నక్షత్ర తాబేలు తిరిగే రాళ్లగుట్ట, అలుగు (పాంగోలిన్) కనిపించిన వాగు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియకపోవడమే వాటికి రక్ష. నక్షత్ర తాబేళ్లను పెంపుడు జంతువులుగా అమ్మడానికి పట్టుకుపోవడం ఎంత పెరిగిందంటే, 2019లో వాటిని, ప్రమాదంలో ఉన్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాల్సి వచ్చింది. ప్రమాదం వేటగాళ్లతోనే కాదు. ఒక గూడు ఎక్కడుందో తెలిస్తే మరుసటి ఆదివారం పదిమంది కెమెరాలతో దాని చుట్టూ చేరతారు. తల్లిపిట్ట భయపడి గూటికి దూరంగా ఉండిపోతుంది. ఎండలో పిల్లలకు నీడపట్టేవాళ్లు ఉండరు.

కాబట్టి ఎగుమతి చేసేటప్పుడే లొకేషన్ తీసేయాలి. ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ ప్రోగ్రాం ఎక్స్‌పోర్ట్ పెట్టెలో మెటాడేటా (ఫైల్లో దాగిన సమాచారం) భాగం కింద లొకేషన్ సమాచారం తొలగించే టిక్ ఉంటుంది, దాన్ని ప్రీసెట్‌లోనే పెట్టేయండి. లైట్‌రూమ్ లేనివాళ్లకు ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు. ఒక ఫోల్డర్ మొత్తానికి జీపీఎస్ ట్యాగులన్నీ ఒకే ఆదేశంతో ఖాళీ చేస్తుంది. కాపీరైట్, ఫొటోగ్రాఫర్ పేరు ఉన్న ఐపీటీసీ ట్యాగులను మాత్రం ముట్టుకోకండి, అవి ఉండాలి.

ఇలా తుడవని అసలు ఫైలును సైటులో పెడితే లొకేషన్ జారిపోయే దారులు మూడు ఉన్నాయి. మూడూ సైటు కట్టే సాఫ్ట్‌వేర్ పనితీరు నుంచి వచ్చేవే, ఎవరూ హెచ్చరించరు.

పేజీలు తయారుచేసే హ్యూగో ప్రోగ్రాం వాడేవాళ్లు ఫొటోను పేజీ ఫోల్డర్లోనే పెడతారు. అందులోంచి చిన్న సైజులు తయారవుతాయి, వాటిలో ఎగ్జిఫ్ మిగలదు. అంతవరకు బాగానే ఉంటుంది. కానీ మామూలు సెట్టింగులో ఆ ఫోల్డర్లోని అసలు ఫైలు కూడా సైటుతో పాటు ప్రచురణ అయిపోతుంది. పేజీలో ఎక్కడా కనిపించకపోయినా, పేరు ఊహించగలిగినవాళ్లు పూర్తి సైజు ఫొటోను జీపీఎస్‌తో సహా దించుకోవచ్చు. పేజీ బిల్డ్ సెట్టింగుల్లో రిసోర్సుల ప్రచురణను ఆపేస్తే ఈ సమస్య పోతుంది.

వర్డ్‌ప్రెస్‌లో 2560 పిక్సెళ్ల కన్నా పెద్ద ఫొటో ఎక్కిస్తే దాన్ని తగ్గించి, పేరు చివర 'స్కేల్డ్' అనే మాట తగిలిస్తుంది. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. అసలు ఫైలు మాత్రం సర్వర్లోనే ఉంటుంది. అడ్రసులోంచి ఆ ఒక్క మాట తీసేస్తే అది తెరుచుకుంటుంది. అందుకే వర్డ్‌ప్రెస్‌కు ఎప్పుడూ ముందే చిన్నది చేసి, జీపీఎస్ తీసేసిన ఫైలే ఎక్కించాలి.

మూడోది సైటు ఫైళ్లను, వాటిలో చేసిన మార్పులను భద్రపరిచే గిట్‌హబ్. ఉచిత ఖాతాలో గిట్‌హబ్ పేజెస్ అనే దాని సైటు సేవ నడవాలంటే రిపాజిటరీ (ఫైళ్ల గిడ్డంగి) బహిరంగంగా ఉండాలి. అసలు ఫొటోలు అందులో పెడితే అవి కూడా బహిరంగమే. తర్వాత డిలీట్ చేసినా గిట్ చరిత్రలో మిగిలే ఉంటాయి, రిపాజిటరీ బరువూ తగ్గదు. రా ఫైళ్లు (కెమెరా ముడి ఫైళ్లు), పూర్తి సైజు జేపెగ్‌లు అటువైపే వెళ్లకూడదు.

మెటాడేటా తీసేసి ఫైలు పేరులో 'అమీన్‌పూర్ గుడ్లగూబ గూడు' అని రాసుకుంటే చేసిన పనంతా వృథా. ఆల్ట్ వాక్యం (ఫొటోను మాటల్లో చెప్పేది), శీర్షిక, వెనకాల కనిపించే నీళ్ల ట్యాంకు, సులువుగా గుర్తుపట్టగలిగే బండరాయి, వీటన్నిటినీ ఒకసారి పరాయివాళ్ల కళ్లతో చూడండి. జనం చూసిన ప్రాణుల వివరాలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైటు ప్రమాదంలో ఉన్న జాతుల స్థానాన్ని 0.2 డిగ్రీల గడిలోకి మసకబారుస్తుంది, అంటే దాదాపు 22 కిలోమీటర్ల పక్క ఉన్న చదరంలో ఎక్కడో అని మాత్రమే తెలుస్తుంది. మన సైటుకు దానికి సమానమైన పద్ధతి జిల్లా పేరుతో ఆగిపోవడం. అమ్రాబాద్‌లో కనిపించిన జంతువుకి 'నాగర్‌కర్నూల్ జిల్లా' చాలు. తేదీకి నెల, సంవత్సరం చాలు. గూళ్ల ఫొటోలు పెట్టకపోవడమే నా దృష్టిలో సరైన పని. తప్పదనుకుంటే పిల్లలు ఎగిరిపోయాక, ఆ కాలం గడిచాక పెట్టండి.

ఇదే నియమాన్ని అన్నిటికీ వర్తింపజేస్తే మరో నష్టం ఉంది. చెరువులో అందరికీ కనిపించే ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు, తీతువులు ఎక్కడివో దాచాల్సిన పనిలేదు. పైగా చెప్పడమే మంచిది. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. ఇలాంటి చెరువుల్లో ఏ నెలలో ఏ పిట్టలు వస్తాయో ఫొటోలతో సహా నలుగురికీ తెలిస్తే, గట్టు పక్కన మట్టి పోసినప్పుడు అడిగేవాళ్లుంటారు. చెరువు పేరు ధైర్యంగా రాయండి, గూడు చోటు మాత్రం రాయకండి.

ఒక జాతికి ఒక పేజీ

మొదటిసారి కట్టేవాళ్లు చేసే అమరిక ట్రిప్పుల వారీగా ఆల్బమ్‌లు. 'మంజీరా, జనవరి' అని ఒకటి, 'అనంతగిరి, ఆగస్టు' అని ఇంకొకటి. తీసినవాళ్లకు అది జ్ఞాపకాల క్రమం, చూసేవాళ్లకు అందులో దారి దొరకదు. ఒక జాతికి ఒక పేజీ పెట్టుకోండి. పేజీకి మూడు ఫొటోలు మించొద్దు. ఒకటి ప్రాణి స్పష్టంగా కనిపించేది, ఒకటి అది ఏదో పని చేస్తున్నది, ఒకటి అది బతికే చోటు కనిపించేలా దూరం నుంచి తీసినది. మూడోదాన్ని చాలామంది తీయరు, తీసినా పెట్టరు. నిజానికి ఎక్కువ చెప్పేది అదే. 600 మి.మీ. లెన్స్‌తో ముఖం నింపిన తీతువు ఫొటో ఎక్కడైనా తీయొచ్చు. వెనకాల అపార్ట్‌మెంట్లు, ముందు చెరువు బురద ఉన్న తీతువు ఫొటో మాత్రం హైదరాబాద్‌దే.

మొత్తం మీద నలభై ఫొటోలతో మొదలుపెడితే చాలు. ఒకే కొంగ ఒకే కొమ్మ మీద ఉన్న ఆరు ఫ్రేములు పెడితే, మంచి ఫ్రేము ఏదో తేల్చే పని చూసేవాళ్ల మీద పడుతుంది. ఆ పని మనది.

జాతి పేజీల మీద ఇంకో పొర కావాలంటే రుతువులను వాడండి. మన చుట్టుపక్కల అది బాగా కుదురుతుంది. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్ అనే పట్టీతల బాతులు, ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోదుగ పూల మీద తేనెపిట్టలు, ఎండాకాలంలో చెరువు కుంచించుకుపోయినప్పుడు మిగిలిన నీళ్ల చుట్టూ గుమిగూడే కొంగలు, వానలు పడగానే పసుపురంగు తిరిగి గూళ్లు అల్లే మగ గిజిగాళ్లు. ఏ నెలలో ఏం చూడొచ్చో తెలిసే పేజీ ఒకటి ఉంటే జనం మళ్లీ మళ్లీ వస్తారు.

శీర్షికలో తెలుగు పేరు, ఇంగ్లిష్ పేరు, శాస్త్రీయ నామం మూడూ ఉండాలి. ఒకే పిట్టకు జిల్లాకో పేరు ఉంటుంది కాబట్టి తెలిసినవన్నీ రాయండి, వెతుకులాటలో ఏదో ఒకటి తగులుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు వాక్యాలు ఫొటోలో జరుగుతున్న దాని గురించి ఉండాలి. ఉదాహరణకు ఇలా: 'కృష్ణజింక, మగది. బ్లాక్‌బక్, యాంటిలోప్ సెర్వికాప్రా. మహావీర్ హరిణ వనస్థలి, ఫిబ్రవరి. మగజింకకు వయసు వచ్చేకొద్దీ గోధుమరంగు వీపు నల్లబడుతుంది. పార్కు దారి మీద నుంచే తీసినది. క్రాప్ చేశాను, ఏదీ చెరపలేదు, చేర్చలేదు.' చివరి రెండు వాక్యాలు చాలా ముఖ్యం. అడ్డొచ్చిన కొమ్మను చెరిపేసి ఉంటే ఆ మాటే రాయండి. నీళ్లు, గింజలు పెట్టి పిట్టలను రప్పించే హైడ్ అనే మరుగులో తీసినదైతే అది రాయండి. నెహ్రూ జూలాజికల్ పార్కులో తీసిన పులి ఫొటో పెట్టడంలో తప్పేమీ లేదు, 'జూలో తీసినది' అని మొదటి వాక్యంలోనే ఉండాలి. కెమెరా సెట్టింగులు చిన్న అక్షరాల్లో అడుగున చాలు.

గుర్తింపు ఖాయం కాకపోతే 'గుర్తింపు ఖాయం కాలేదు' అని రాయడానికి వెనకాడొద్దు. ఆడ తేనెపిట్టలు, వార్బ్లర్లు, ఎత్తున ఎగిరే గద్దలు అనుభవం ఉన్నవాళ్లనూ తికమక పెడతాయి. ఐనాచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టి నలుగురు ఒప్పుకున్నాక పేరు మార్చండి. తప్పు పేరుతో ఉన్న ఒక్క ఫొటోను ఇంకో పదిమంది కాపీ చేస్తారు.

ఫొటో సైజులు: ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే

24 మెగాపిక్సెళ్ల ఫొటో 6000 × 4000 పిక్సెళ్లు ఉంటుంది, జేపెగ్ చేస్తే పది ఎంబీ దాకా వస్తుంది. దాన్ని అలాగే పెట్టి వెడల్పును సీఎస్ఎస్ అనే పేజీ రూపపు కోడుతో తగ్గిస్తే కంటికి చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఫోన్ పది ఎంబీ అంతా దించుకోవాల్సిందే. అందుకని పొడవైన అంచు 2048 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌కు వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో, జేపెగ్ నాణ్యత 80 దగ్గర ఎగుమతి చేయండి. ఫొటోను బట్టి 300 నుంచి 600 కేబీ మధ్య వస్తుంది. 2048 పిక్సెళ్లంటే 300 డీపీఐలో ఏడంగుళాల ప్రింటు కూడా రాదు, కాబట్టి ఎవరైనా ఎత్తుకెళ్లినా పెద్ద పోస్టర్ వేసుకోలేరు.

ఇది మాస్టర్ కాపీ. దీని నుంచి 480, 800, 1200, 1600, 2048 వెడల్పుల్లో ఐదు కాపీలు తయారుచేసి, ఫొటో కోడులోని ఎస్‌ఆర్‌సీసెట్ అనే జాబితాలో అన్నీ ఇవ్వాలి. బ్రౌజర్ తనకు సరిపోయేది ఎంచుకుంటుంది. మన దగ్గర మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ తెర 1080 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, దానికి 1200 కాపీ సరిపోతుంది. అయితే ఎస్‌ఆర్‌సీసెట్ రాసి పక్కన సైజెస్ అనే లక్షణం రాయకపోతే బ్రౌజర్ ప్రతి ఫొటో తెర మొత్తం వెడల్పు ఆక్రమిస్తుందనుకుంటుంది. 1500 పిక్సెళ్ల తెర మీద మూడు నిలువు వరుసల గ్యాలరీలో 800 కాపీ చాలిన చోట 1600 కాపీ దించుతుంది, అంటే నాలుగు రెట్ల పిక్సెళ్లు. గ్యాలరీ నెమ్మదిగా తెరుచుకుంటోందంటే మొదట చూడాల్సింది ఇదే.

ప్రతి ఫొటోకూ వెడల్పు, ఎత్తు అంకెలు పేజీ కోడు అయిన హెచ్‌టీఎంఎల్‌లో రాయాలి. లేకపోతే ఫొటో దిగేసరికి కింద చదువుతున్న వాక్యం ఒక్కసారిగా జారిపోతుంది. పేజీలో కిందనున్న ఫొటోలకు లేజీ లోడింగ్ (దగ్గరికి వచ్చినప్పుడే దించడం) పెట్టండి, పైన మొదట కనిపించే ఫొటోకు మాత్రం పెట్టకండి. అన్నిటికీ కలిపి పెట్టేస్తే ముఖ్యమైన ఫొటోయే ఆలస్యంగా వస్తుంది. పేజీలో అతిపెద్ద ఫొటో రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత.

రంగులు పాలిపోయాయని వచ్చే ఫిర్యాదుకు దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం. కెమెరాలోనో ఎడిటింగ్‌లోనో అడోబీ ఆర్‌జీబీ అనే మరో రంగుల పద్ధతి ఉంచి, ఎగుమతిలో దాన్ని మార్చకుండా, ఆ పద్ధతిని తెలిపే ప్రొఫైల్ తీసేస్తారు. అడవి పచ్చదనం మొదట దెబ్బతింటుంది. ముందు ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చాలి, ఆ తర్వాతే ప్రొఫైల్ గురించి ఆలోచించాలి.

వెబ్‌పీ రకం ఫొటో ఫైళ్లు జేపెగ్ కన్నా చిన్నగా వస్తాయి, నిజమే. కానీ నాణ్యత తగ్గించే వెబ్‌పీ రంగు సమాచారాన్ని ఎప్పుడూ 4:2:0 పద్ధతిలోనే, అంటే రెండు దిశల్లోనూ సగం వివరంతోనే దాస్తుంది. బూడిదరంగు కొంగకు తేడా తెలియదు. ఎర్రటి మోదుగ రేకుల అంచులో, లకుముకి పిట్ట నీలం, నారింజ కలిసే గీతలో మాత్రం రంగు పక్కకు పాకినట్టు కనిపిస్తుంది. అలాంటి ఫొటోలకు 4:4:4 (రంగు వివరం తగ్గించని) జేపెగ్ కానీ, ఏవీఐఎఫ్ అనే మరో రకం ఫైలు కానీ వాడండి. ఏవీఐఎఫ్‌లో నాణ్యత మరీ తగ్గిస్తే మసకబారిన నేపథ్యం మెట్లుమెట్లుగా విడిపోతుంది. తెల్లవారుజామున పొగమంచు ఆకాశం ఉన్న ఫొటోలను విడిగా పెద్దది చేసి చూడాలి.

ఒకే సెట్టింగులతో కొన్ని ఫైళ్లు రెట్టింపు బరువు వస్తున్నాయంటే అది నాయిస్ (తక్కువ వెలుతురులో తీస్తే వచ్చే రేణువుల మచ్చలు) పని. ఐఎస్ఓ 6400లో తీసిన గుడ్లగూబ ఫొటోలో ప్రతి పిక్సెల్ పక్కదానితో వేరుగా ఉంటుంది, కుదింపుకు అందదు. నేపథ్యానికి మాత్రమే మాస్క్ వేసి నాయిస్ తగ్గించండి. ఈకల మీద తగ్గించకండి, ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది. తగ్గించిన సైజుకు తగ్గ పదును చివర్లో, ఎగుమతి సమయంలో పెట్టాలి.

థంబ్‌నెయిళ్లను (గ్యాలరీలోని చిన్న బొమ్మలను) చతురస్రంగా కత్తిరించే థీమ్‌లను వదిలేయండి. పొడుగు తోక ఉన్న పిట్టకు తోక పోతుంది, నెమలికి ఇంకా అన్యాయం జరుగుతుంది. ఒకే ఎత్తులో, వేర్వేరు వెడల్పుల్లో వరుసగా పేర్చే అమరిక మంచిది. నేపథ్యానికి పూర్తి నలుపు కన్నా ముదురు బూడిద బాగుంటుంది. పూర్తి నలుపు మీద ఫొటోలోని నీడలు తేలిపోయి, బూడిదగా కనిపిస్తాయి.

ఎక్కడ నిలబెట్టాలి

నెలవారీ చందాతో రెడీమేడ్ పోర్ట్‌ఫోలియో సేవలు దొరుకుతాయి. గంటలో సైటు వస్తుంది, డబ్బు కట్టడం ఆపిన నెల సైటు పోతుంది. వర్డ్‌ప్రెస్ నేర్చుకోవడం సులువు కానీ ప్లగిన్లు, థీమ్‌లు ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉండాలి, లేదంటే ఎవరో లోపలికి చొరబడతారు. అభిరుచిగా ఫొటోలు తీసేవాళ్లకు, వారానికోసారి కూడా మార్చని సైటుకు, స్టాటిక్ పద్ధతి అన్నిటికన్నా నమ్మకమైనదని నా గట్టి అభిప్రాయం. హ్యూగో, ఎలెవెంటీ లాంటి ప్రోగ్రాములు మన ల్యాప్‌టాప్‌లోనే పేజీలన్నీ తయారుచేస్తాయి. సర్వర్లో డేటాబేస్ ఉండదు, లాగిన్ ఉండదు, పగలగొట్టడానికి తలుపే ఉండదు.

వాటిని క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఉచిత ఖాతాలో పెట్టొచ్చు. రిపాజిటరీ ప్రైవేట్‌గా ఉన్నా పనిచేస్తుంది. ఒక సైటుకు 20,000 ఫైళ్లు, ఒక్కో ఫైలు 25 ఎంబీ దాటకూడదన్నది పరిమితి. ఫొటోకు ఐదు సైజులు, రెండు ఫార్మాట్లు వేసుకున్నా నలభై ఫొటోలకు 400 ఫైళ్లే. గిట్‌హబ్ పేజెస్‌లో సైటు ఒక జీబీ దాటకూడదు, నెలకు 100 జీబీ ట్రాఫిక్ దాకా అనుమతిస్తారు. ఎలెవెంటీ ఇమేజ్ ప్లగిన్ లోపల షార్ప్ అనే లైబ్రరీ పనిచేస్తుంది. అది మామూలుగా మెటాడేటా అంతా తీసేస్తుంది. జీపీఎస్ పోతుంది, మంచిదే, దానితో పాటు కాపీరైట్ ట్యాగు కూడా పోతుంది. బిల్డ్ అయ్యాక ఎగ్జిఫ్‌టూల్‌తో పేరు, కాపీరైట్ తిరిగి రాయడాన్ని చివరి మెట్టుగా పెట్టుకోండి.

ల్యాప్‌టాప్‌లో ఫొటోలన్నీ కనిపించి, ఆన్‌లైన్‌లో సగం కనిపించకపోతే ఫైలు పేర్లు చూడండి. కెమెరా జేపీజీ అనే పొడిగింపును పెద్ద అక్షరాల్లో రాస్తుంది, పేజీలో మనం చిన్న అక్షరాల్లో రాస్తాం. విండోస్, మ్యాక్ ఈ తేడా పట్టించుకోవు, సర్వర్ పట్టించుకుంటుంది. సంవత్సరం, నెల, జాతి, వరుస సంఖ్య అన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీల బదులు హైఫన్లతో పేరు పెట్టే అలవాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

డొమైన్ పేరును (సైటు చిరునామాను) మాత్రం డబ్బు పెట్టి కొనండి. డాట్ ఇన్ అయితే మామూలుగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే. మొదటి ఏడాది తగ్గింపు చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర చూసుకోండి. విదేశీ రిజిస్ట్రార్ దగ్గర కొంటే ఆటో రెన్యువల్‌ను నమ్ముకోవద్దు. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంక్ ఈ-మ్యాండేట్ నిబంధనల వల్ల మన కార్డుల మీద ఆటోమేటిక్ చెల్లింపులకు ముందస్తు అనుమతి కావాలి, అది సరిగా నమోదు కాకపోతే చెల్లింపు తిరస్కరణకు గురవుతుంది. ఒకేసారి మూడు నాలుగేళ్లకు కట్టేసి, గడువు తేదీ క్యాలెండర్లో రాసుకోండి.

తెలుగు అక్షరాలు సరిగా కనిపించాలంటే

ఇంగ్లిష్ థీమ్‌లలో లైన్ హైట్ (పంక్తి ఎత్తు) 1.2, 1.4 ఉంటుంది. దాంతో తెలుగు వత్తులు కింది పంక్తిలోకి దూరిపోతాయి, శీర్షిక పెట్టెల్లో అడుగు భాగం తెగిపోతుంది. 1.7 దగ్గర పెట్టండి. అక్షరాల మధ్య దూరం పెంచే సీఎస్ఎస్ నియమం ఉంటే తెలుగుకు తీసేయండి. నోటో సాన్స్ తెలుగు అనే ఫాంటులో అన్ని మందాలూ దొరుకుతాయి. మండలి చదవడానికి హాయిగా ఉంటుంది కానీ ఒకటే మందం, బోల్డ్ పెడితే బ్రౌజర్ తానే మందం చేసి అక్షరాన్ని అలుకుతుంది. ముదురు నేపథ్యం మీద సన్నని గీతలు మాయమవుతాయి కాబట్టి కొంచెం మందమైనదే తీసుకోండి. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ మొదట్లోనే చెప్పండి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని బట్టే గొంతు మారుస్తుంది.

పేజీ అడ్రసును మాత్రం రోమన్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగులో పెట్టొచ్చు, పనిచేస్తుంది. కానీ వాట్సాప్‌లో పేస్ట్ చేసేసరికి 'పాలపిట్ట' అనే ఒక్క మాట 72 గుర్తుల శాతం కోడుగా మారి కనిపించే అవకాశం ఎక్కువ. అది చూసి స్పామ్ లింకు అనుకుని తెరవరు.

సైటులో వెతికే పెట్టె పెడితే ఒక చిక్కు ఉంది. 'అమీన్‌పూర్' అని సరిగా రాసినప్పుడు పొల్లు తర్వాత కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. ఫోన్‌లో టైప్ చేసేవాళ్లు దాన్ని పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. రెండూ కంప్యూటర్‌కు వేర్వేరు మాటలు, ఫలితం సున్నా వస్తుంది. సూచికలోనూ, టైప్ చేసిన మాటలోనూ ఆ గుర్తును తీసేశాకే పోల్చేలా రాయండి.

మన దగ్గర సైటు లింకులు ఎక్కువగా తిరిగేది వాట్సాప్ గ్రూపుల్లో. లింకు పెట్టగానే బొమ్మ రావాలంటే లింకు ప్రివ్యూ కోసం రాసే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులో పూర్తి అడ్రసుతో 1200 × 630 పిక్సెళ్ల ఫొటో ఇవ్వాలి, 300 కేబీ లోపు ఉంచండి. నిలువు ఫొటో ఇస్తే మధ్యలో కత్తిరిస్తుంది, పిట్ట తల పోతుంది. ఈ ఒక్కదానికీ చేత్తో క్రాప్ చేసుకోండి. ఒకసారి వచ్చిన ప్రివ్యూ కొంతకాలం అలాగే ఉండిపోతుంది కాబట్టి లింకు గ్రూపులో పెట్టే ముందు మీకు మీరే పంపుకుని చూసుకోవాలి.

హక్కులు, అనుమతులు

ఫొటో తీసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, నమోదు తప్పనిసరి కాదు. రైట్ క్లిక్ ఆపే స్క్రిప్టులు దొంగను ఆపవు, మంచి పాఠకుడిని విసిగిస్తాయి. మధ్యలో పెద్ద వాటర్‌మార్క్ కూడా అంతే. మూలన చిన్నగా పేరు చాలు. ఐపీటీసీలో హక్కుల పేజీ అడ్రసు రాస్తే గూగుల్ ఇమేజెస్‌లో ఆ ఫొటో మీద లైసెన్స్ గుర్తు వచ్చే వీలుంది. బడులు, పత్రికలు వాడుకోవాలని ఉంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ స్పష్టంగా రాయండి. ఒక్క విషయం తెలిసి ఎంచుకోండి: వాణిజ్యేతర షరతు పెడితే ఆ ఫొటోను వికీమీడియా కామన్స్ తీసుకోదు, అంటే తెలుగు వికీపీడియా వ్యాసంలోకి ఆ దారిలో చేరదు. ఒకసారి ఇచ్చిన లైసెన్స్‌ను వెనక్కి తీసుకోవడమూ కుదరదు. కొన్ని మంచి ఫొటోలైనా షరతు లేకుండా ఇవ్వమని నా విన్నపం. తెలుగులో పిట్టల వ్యాసాలకు మంచి ఫొటోల అవసరం చాలా ఉంది.

అభయారణ్యాల్లో ప్రవేశం, ఫొటోగ్రఫీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతితో జరిగేవి. ప్రింట్లు అమ్మే ఆలోచన ఉంటే ఆ పార్కులో వాణిజ్య ఫొటోగ్రఫీకి వేరే అనుమతి, రుసుము ఉన్నాయేమో అటవీ శాఖ కార్యాలయంలో ముందే అడగండి. సంప్రదించడానికి ఫోన్ నంబర్ పెట్టకండి, సైటు కోసమే వేరే ఈమెయిల్ తెరవండి.

ప్రచురించాక ఒక పరీక్ష తప్పనిసరి. వేరే ఫోన్‌లో, వైఫై ఆపి, మొబైల్ డేటాతో సైటు తెరవండి. అక్కడి నుంచి ఏవైనా ఐదు ఫొటోలు దించి ఎగ్జిఫ్‌టూల్‌లో చూడండి. అక్షాంశం కనిపించకూడదు, మీ పేరు కనిపించాలి.

ఇక జాతుల పేర్లను పేజీల్లో విడివిడిగా టైప్ చేయకుండా ఒకే డేటా ఫైల్లో పెట్టుకుని, పేజీలు అక్కడి నుంచి తీసుకునేలా రాసుకోండి. పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ సైటు జాబితా ఏటా మారుతుంది. గేదెల వెంట తిరిగే తెల్లకొంగను 2023లో రెండు జాతులుగా విడదీశారు. మన పొలాల్లో ఉండేది ఇప్పుడు ఈస్టర్న్ క్యాటిల్ ఈగ్రెట్, ఆర్డియా కోరొమాండా. డేటా ఫైల్లో ఒక్క పంక్తి మార్చి బిల్డ్ చేస్తే జాతి పేజీలో, రుతువుల పేజీలో, ఆల్ట్ వాక్యాల్లో, వెతికే సూచికలో అన్నిచోట్లా మారిపోతుంది. పాత పేరును మాత్రం అదే పంక్తిలో మరో గడిలో ఉంచండి, చాలామంది ఇంకా దానితోనే వెతుకుతారు.